తలుపు సందులో పసివేళ్ళు: తప్పు ఎవరిది?



ఈ వ్యాసం చదవడానికి ముందు ఒక చిన్న పని చేయండి. మీరు కూర్చున్న గది తలుపును సగం తెరచి, బందుల వైపున తలుపు చెక్కకూ ద్వారబంధానికీ నడుమ ఏర్పడే సందును పరిశీలించండి. తలుపు తెరచుకొంటున్నకొద్దీ ఆ సందు వెడల్పవుతుంది. మూసుకొంటున్నకొద్దీ ఇరుకై, చివరకు ఒక గీతగా మిగులుతుంది. మనం ఆ వైపు ఏనాడూ చూడము, ఎందుకంటే మన చేయి ఎప్పుడూ గడియ వైపే ఉంటుంది. తప్పటడుగులు వేసే బిడ్డకు మాత్రం అది తన ముఖానికి ఎదురుగా నిలువునా కనిపించే వెలుగు చార. గోడ పట్టుకొని నడిచే పసివాడి చేతికి అంతకంటె అనువైన ఆధారం వేరొకటి దొరకదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక సాయంత్రం, రెండేళ్ళు నిండని మనవడిని చంకనెత్తుకొని ఒక పెద్దామె క్యాజువాలిటీకి వచ్చింది. బిడ్డ ఉంగరపు వేలి కొస నలిగిపోయి, గోరు మొదలంటా పైకి లేచి ఉన్నది. వెనుకనే కొడుకు, కోడలు, ఇరుగుపొరుగు వచ్చారు. వచ్చిన ప్రతివారూ ఆమెనే నిలదీశారు. చదువుకొన్నవాణ్ణి గదా, నేనూ తక్కువ తినలేదు. ‘కాస్త చూసుకోవద్దా అమ్మా?’ అన్నాను. ఆమె తల వంచుకొని, ‘నా చేతులు పడిపోను బాబూ, దేవుడి గది తలుపు నేనే వేశాను’ అన్నది. వేలికి కుట్లు వేసి, కట్టు కట్టి, ఇకమీదట జాగ్రత్తగా ఉండండని హితవు చెప్పి పంపాను.

ఏడాది తిరగకుండానే అదే ఇంటినుంచి, అదే తలుపు వల్ల, ఆ పిల్లవాడి చిన్నాన్న కూతురిని తీసుకువచ్చారు. ఈసారి తలుపు వేసింది మనిషి కాదు, గాలి. ఆ రాత్రి నాకొక సంగతి స్ఫురించింది. నేను వ్రాసిన మందుచీటీలో గాయానికి మందు ఉన్నది గాని, గాయపరచిన దానికి మందు లేదు. తలుపు ఉన్నచోటనే, ఉన్నట్టే ఉన్నది. ఈ చిన్న గాయం విషయంలో నాకు ఆనాడు తెలియనిది, ప్రపంచం అప్పటికే ఎంతో కొంత తెలుసుకొన్నది. ఆ చరిత్రనే ఈనాడు మీ ముందుంచుతున్నాను.

నలిగిన గాయానికి పాత పేరు

వేలు నలగడం కొత్త రోగం కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో దెబ్బలవల్ల అప్పటికప్పుడు కలిగే సద్యోవ్రణాలను ఆరు విధాలుగా విభజించారు. అవి ఛిన్నం, భిన్నం, విద్ధం, క్షతం, పిచ్చితం, ఘృష్టం. వీటిలో పిచ్చితమంటే దెబ్బవల్లగాని, ఒత్తిడివల్లగాని ఎముకతో సహా చితికి, చదునై, రక్తంతో నిండిన గాయం. తలుపు సందున నలిగిన పసివేలికి ఇంతకంటె చక్కని నిర్వచనం లేదు. కత్తితో తెగిన గాయం వేరు, చితికిన గాయం వేరు అని ఆ ప్రాచీన శస్త్రవైద్యులు గుర్తించడం విశేషం. తెగిన గాయానికి అంచులు శుభ్రంగా ఉంటాయి. చితికిన గాయంలో చర్మం, గోటి పరుపు, ఎముక కొస మూడూ ఒక్కసారే దెబ్బతింటాయి. అందుకే పైకి చిన్నదిగా కనిపించినా ఈ గాయాన్ని తేలికగా తీసుకోరాదు.

తలుపు మారిన తీరు

మన పాత ఇళ్ళ తలుపులు మీకు జ్ఞాపకముండే ఉంటాయి. రెండు బరువైన రెక్కలు. ఒక్కొక్క రెక్కకూ పైన, క్రింద పొడుచుకొని వచ్చిన కొయ్య ములుకు గడపలోనూ పై కమ్మిలోనూ తొలిచిన గుంటలలో తిరిగేది. కదిపితే కిర్రుమని చప్పుడు చేసేది. పగలంతా వీధి తలుపులు గోడకు ఆనించే ఉండేవి. ఇంట్లో తలుపుల సంఖ్యా తక్కువే. ఆ తలుపులు నిరపాయకరమని అనను, ఆ బరువు క్రింద పడిన వేలు మిగలదు. అయితే అవి నెమ్మదిగా కదిలేవి, చప్పుడుతో హెచ్చరించేవి.

పలకకూ బంధానికీ కలిపి బిగించే ఇనుప బందులు వచ్చిన తరువాత తలుపు తేలికయింది, వేగంగా, నిశ్శబ్దంగా తిరగడం నేర్చింది. 19వ శతాబ్ది చివరలో అమెరికాలో తలుపును తనంతట తానే మూసే యంత్రాలు వాడుకలోకి వచ్చాయి. నేటి మన అపార్టుమెంటులో వీధి తలుపు, పడక గదుల తలుపులు, స్నానాల గదుల తలుపులు, బాల్కనీ తలుపు కలిపి ఎనిమిదికి తక్కువ ఉండవు. బాల్కనీ తెరచి ఉంచితే ఎదురుగాలికి ఏ తలుపు ఎప్పుడు కొట్టుకొంటుందో చెప్పలేము. ఇంట్లోని స్టీలు బీరువా, వంటింటి అరలు, క్రింద నిలిపిన కారు, ఇవన్నీ తలుపులే.

ఇక బందుల వైపు ప్రమాదం ఎందుకు ఎక్కువో చూడండి. పిడి పట్టుకొనే చోటు బందులకు సుమారు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. బిడ్డ వేలు పెట్టిన చోటు బందులకు 2 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అంటే తలుపు ఇక్కడ మీటగోలగా పనిచేస్తుంది. పిడి దగ్గర మీరు రెండు కిలోల బరువు ఎత్తేటంత బలంతో నెట్టితే, వేలి దగ్గర అది నలభై రెట్లయి, దాదాపు ఎనభై కిలోల బరువు మోపినంత అవుతుంది. నెట్టిన పెద్దవారికి చేతిలో ఏ అడ్డూ తగిలినట్టు తెలియదు. ‘నేను మెల్లగానే వేశాను’ అని తల్లులు ఏడుస్తూ చెప్పేది అబద్ధం కాదని ఈ లెక్క చెబుతుంది.

దోమకు తెర, తలుపుకు తిట్లు

1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ తరువాత మలేరియా వచ్చిన బిడ్డను దోమ చేత ఎందుకు కుట్టించుకొన్నావని ఎవరూ కోప్పడలేదు. నీటి గుంటలు పూడ్చారు, కిటికీలకు తెరలు కట్టారు. అంటువ్యాధుల విషయంలో మానవజాతి ఈ వివేకం నేర్చింది. ప్రమాదాల విషయంలో నేర్వడానికి మరి అర్ధశతాబ్దం పట్టింది.

1949లో హార్వర్డ్‌లో అంటువ్యాధుల శాస్త్రం బోధించే జాన్ గోర్డన్ ప్రమాదాలనూ వ్యాధుల వలెనే అధ్యయనం చేయాలని ప్రతిపాదించాడు. దెబ్బ తగిలే మనిషి, దెబ్బ తగిలించే కారకం, ఆ రెండూ కలిసే పరిసరం, ఈ మూడూ ఉంటేనే ప్రమాదమని ఆయన వాదన. ఆ కారకం ఏమిటన్న ప్రశ్నకు 1961లో జేమ్స్ గిబ్సన్ అనే మనస్తత్వవేత్త సమాధానం చెప్పాడు. శరీరం తట్టుకోలేనంతగా వచ్చి తాకే శక్తియే కారకమన్నాడు. వైద్యుడైన విలియం హాడన్ ఈ ఆలోచనకు ఆచరణ రూపమిచ్చాడు. 1966లో అమెరికా ప్రభుత్వపు కొత్త రహదారి భద్రతా సంస్థకు ఆయన తొలి అధిపతి అయ్యాడు. శక్తి మనిషిని దెబ్బతీయకుండా ఆపగల పది ఉపాయాలను 1973లో క్రోడీకరించాడు. శక్తిని పుట్టనీయకపోవడం, తగ్గించడం, నెమ్మదింపజేయడం, మనిషికీ శక్తికీ నడుమ అడ్డు పెట్టడం, తాకే అంచును మెత్తపరచడం మొదలైనవి అందులో ఉన్నాయి. వీటిని ఇంటి తలుపుకు అన్వయించి చూడండి. మనకు కావలసిన జాగ్రత్తలన్నీ ఆ జాబితాలోనే దొరుకుతాయి.

ఈ మార్పు పుస్తకాలలోనే ఆగిపోలేదు. స్వీడనులో 1954లోనే బాలల ప్రమాదాల నివారణకు ఉమ్మడి సంఘం ఏర్పడింది. రాగ్నార్ బెర్ఫెన్‌స్టమ్ వంటి వైద్యులు దానికి దారి చూపారు. తరువాతి దశాబ్దాలలో ఆ దేశంలో ప్రమాదాలవల్ల పిల్లలు మరణించడం బాగా తగ్గింది. అమెరికాలో, పారవేసిన ఫ్రిజ్‌లలో ఆడుకొంటూ దూరిన పిల్లలు లోపలినుంచి తలుపు తీయలేక ఊపిరాడక చనిపోతుంటే, 1956లో చట్టం చేశారు. 1958 నుంచి తయారైన ఫ్రిజ్ తలుపులు లోపలినుంచి నెట్టితే తెరచుకోవలసినదే. మీ ఇంటి ఫ్రిజ్ తలుపు గొళ్ళెం లేకుండా అయస్కాంతపు పట్టీతో అంటుకొనే పద్ధతి వెనుక ఈ చరిత్ర ఉన్నది. న్యూయార్కులో పిల్లలు కిటికీలనుంచి పడిపోతుంటే, 1976లో పదేళ్ళలోపు పిల్లలున్న అపార్టుమెంట్ల కిటికీలకు కటకటాలు తప్పనిసరి చేశారు. ఈ మూడు చోట్లా తల్లులను దండించడం మాని, వస్తువును సరిదిద్దారు.

షెఫీల్డ్ నేర్పిన ఓర్పు

వేలి విషయానికి వస్తే, చికిత్సలో గొప్ప మలుపు ఇంగ్లండులోని షెఫీల్డ్ బాలల ఆసుపత్రిలో వచ్చింది. అక్కడి ప్రమాద చికిత్సా విభాగంలో పనిచేసిన డాక్టర్ సింథియా ఇల్లింగ్‌వర్త్ 1974లో ఒక వ్యాసం ప్రచురించింది. చిక్కుకొని నలిగిన పిల్లల వేళ్ళు, తెగిపోయిన వేలి కొసలు ఆమె విషయం. అంతకు ముందు వేలి కొస తెగితే చర్మం తెచ్చి అతకడమో, ఎముకను కురచచేసి కుట్టివేయడమో పరిపాటి. చివరి కణుపుకు ఆవల మాత్రమే తెగిన పసివేళ్ళను శుభ్రపరచి, సాధారణమైన కట్టు కట్టి విడిచిపెడితే, అవి కొన్ని వారాలలో తమంతట తామే పెరుగుతాయని ఆమె చూపించింది. గోరు, వేలి కొస గుండ్రదనం తిరిగి వచ్చాయి. 1972లో ఆస్ట్రేలియాలో డగ్లస్ అనే వైద్యుడు కూడా పిల్లల వేళ్ళకు ఇటువంటి ఓర్పు వైద్యాన్నే సమర్థించాడు.

బల్లికి తోక తిరిగి మొలిచినట్టు మనిషి బిడ్డకు వేలి కొస పెరగడమా అని నాడు ఆశ్చర్యపోయినవారు ఎందరో. దీని గుట్టు గోటి మొదలులో ఉన్నది. గోటిని పెంచే కణాలు వేలి కొసను పెంచే సంకేతాలనూ పంపుతాయని 2013లో న్యూయార్కు పరిశోధకులు ఎలుకలపై చేసిన ప్రయోగాలలో తేలింది. గోటి మొదలు పూర్తిగా పోతే ఈ పెరుగుదల జరగదు. కనుక ఈ మాట విని ధైర్యపడండి గాని, వైద్యుని వద్దకు వెళ్ళడం మానకండి. ఎంతవరకు తెగింది, ఎముక విరిగిందా, గోటి పరుపు చీలిందా అన్నది చూసి నిర్ణయించవలసినది ఆయనే.

బ్రిటనులోని 20 ఆసుపత్రులలో 451 మంది పిల్లలపై జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనం మరొక పాత అలవాటును సరిదిద్దింది. గోటి పరుపును కుట్టిన తరువాత ఊడిన గోరును మళ్ళీ దాని స్థానంలో పెట్టడం మా తరం పద్ధతి. పెట్టినా, పారవేసినా చీము పట్టడంలోగాని, కొత్త గోటి అందంలోగాని చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. నేనూ ఎన్నో గోళ్ళు తిరిగి పెట్టినవాడినే. తెలిసిన తరువాత ఒప్పుకోవడమే వైద్యధర్మం.

గాయానికి పేరు పెట్టిన దేశం, తలుపును తూచిన దేశం

ఫ్రెంచివారు ఈ గాయాన్ని ‘దువా ద పోర్త్’, అంటే ‘తలుపు వేలు’ అంటారు. పేరులోనే కారకుడి పేరు ఉన్నది. 1999లో స్కాట్లండులోని గ్లాస్గో బాలల ఆసుపత్రి వైద్యుడు దొరైస్వామి పిల్లల వేలి గాయాలను, వాటినుంచి రక్షించే సాధనాలను కలిపి ఒకే వ్యాసంలో పరిశీలించాడు. గాయాలు లెక్కపెట్టిన వైద్యుడే తలుపుకు ఏమి అమర్చాలో కూడా ఆలోచించడం గమనించదగినది. నా మందుచీటీలో లోపించినది సరిగ్గా అదే.

ఇక 2004 మార్చి 26న టోక్యోలోని రొప్పొంగి హిల్స్ భవనంలో ఆరేళ్ళ బాలుడు పెద్ద స్వయంచాలక తిరుగుడు తలుపులో తల చిక్కుకొని మరణించాడు. తలుపుకు సెన్సారులు ఉన్నాయి. అయినా ఆగలేదు. అంతకు ముందే ఆ భవనపు తలుపులలో చిన్నచిన్న ప్రమాదాలు జరిగి ఉన్నాయని దర్యాప్తులో బయటపడింది. వైఫల్యాలను శాస్త్రంగా అధ్యయనం చేసే యొతారో హతామురా అనే ఆచార్యుడు ఈ దుర్ఘటన పిమ్మట ‘డోర్ ప్రాజెక్ట్’ పేరుతో స్వచ్ఛందంగా పరిశోధన చేపట్టాడు. ఐరోపాలో పుట్టిన ఆ రకపు తలుపు తిరిగే భాగం మొదట దాదాపు 0.9 టన్నుల బరువే ఉండేది. అది జపానుకు వచ్చి, హంగులు పెరిగి 2.7 టన్నులయింది. అంత బరువు ఒకసారి కదిలిన తరువాత, ఆగమని సెన్సారు చెప్పినా వెంటనే ఆగలేదు.

హతామురా ఆ ఒక్క తలుపుతో ఊరుకోలేదు. ఇళ్ళ తలుపులు, కార్ల తలుపులు కూడా ఎంత బలంతో నొక్కుతాయో కొలిపించాడు. ఆయన చెప్పిన సారాంశం ఇది: ముందు తలుపే తేలికగా, నెమ్మదిగా, నొక్కినా గాయపరచలేనిదిగా ఉండాలి. సెన్సారులు, హెచ్చరికలు ఆ తరువాతివి. ఇంటి భాషలో చెబితే, ‘జాగ్రత్త, జాగ్రత్త’ అని అరవడం సెన్సారు వంటిది. అది ఒక్కొక్కప్పుడు పనిచేయదు. తలుపును సరిచేయడం ఎల్లప్పుడూ పనిచేస్తుంది.

బొమ్మకున్న కొలత

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. పిల్లల బొమ్మల భద్రతా ప్రమాణాలలో మూతలకు, తలుపులకు బందుల దగ్గర ఉండే సందుకు కొలత నిర్ణయించారు. ఆ సందులో 5 మిల్లీమీటర్ల కడ్డీ దూరితే, 12 మిల్లీమీటర్ల కడ్డీ కూడా దూరాలి. అంటే పసివేలు అసలు దూరకూడదు, లేదా దూరితే నలగకుండా బయటకు రావాలి. మన దేశంలోనూ 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు భారతీయ ప్రమాణాల ముద్ర తప్పనిసరి. బొమ్మ పెట్టె మూతకు ఇంత శ్రద్ధ చూపే మనం, ఆ బొమ్మ ఉన్న గది తలుపుకు ఆ కొలత పట్టి చూడము. ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూస్తాము, చెక్క నాణ్యం చూస్తాము, బందుల సందు మాత్రం చూడము.

మీ ఇంట చేయవలసినవి

ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలుంటే, లేదా సెలవులకు మనవలు వచ్చేవారుంటే, ఈ పనులు వాయిదా వేయకండి.

బందుల వైపు సందును పైనుంచి క్రిందివరకు కప్పే మడతల ప్లాస్టిక్ పట్టీ బజారులో దొరుకుతుంది. తలుపుకు లోపలి వైపు, వెలుపలి వైపు రెండింటా అమర్చాలి. అన్ని తలుపులకూ వీలుకాకపోతే, బిడ్డ ఎక్కువగా తిరిగే గదులతో మొదలుపెట్టండి.

గడియ వైపు పూర్తిగా మూసుకోకుండా, తలుపు అంచుకు తగిలించే మెత్తని నురుగు కొక్కెం పెట్టండి. దానిని బిడ్డకు అందనంత ఎత్తున ఉంచాలి. అందితే కొరికి మింగే ప్రమాదముంది. అది లేకపోతే పాత తుండుగుడ్డను మడిచి తలుపు పైఅంచు మీద వేయండి. పైసా ఖర్చు లేకుండా తలుపు మూసుకోకుండా ఆగుతుంది.

గాలికి కొట్టుకొనే తలుపులను గోడకు పట్టి ఉంచే అయస్కాంతపు పట్టునో, కొక్కేన్నో బిగించండి. నేల మీద పెట్టే చెక్క ముక్కను బిడ్డ లాగివేస్తాడు, దానిని నమ్మకండి. తలుపు మూసే హైడ్రాలిక్ యంత్రం ఉంటే, చివరి కొంత దూరం నెమ్మదిగా కదిలేటట్టు దాని మరను సరిచేయించండి. స్నానాల గది గడియ బిడ్డకు అందని ఎత్తున ఉండాలి.

కారు తలుపు వేసే ముందు పిల్లల చేతులు రెండూ కంటికి కనబడాలి. కటకటాల లిఫ్టులో పసివాడిని ఎత్తుకొనే ఎక్కండి. తలుపుల ఆట, దాగుడుమూతలు తలుపు చాటున ఆడవద్దని పెద్ద పిల్లలకు చెప్పండి. ఒక బిడ్డ వేలు మీద మరొక బిడ్డ తలుపు వేయడం నేను తరచుగా చూశాను.

ప్రమాదం జరిగితే ముందుగా తలుపు తెరచి వేలిని విడిపించండి, లాగకండి. శుభ్రమైన నీటి ధారతో కడిగి, శుభ్రమైన గుడ్డతో మెత్తగా నొక్కి, చేయి పైకెత్తి పట్టండి. పసుపు, కాఫీ పొడి, బూడిద, సున్నం అద్దకండి. ఉంగరమో, దారమో ఉంటే వాపు రాకముందే తీయండి. ముక్క తెగి పడితే, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచు కలిపిన నీటిలో ఉంచి వెంట తీసుకువెళ్ళండి. మంచు గడ్డ ముక్కకు నేరుగా తగలరాదు. గోటి క్రింద నల్లని రక్తం చేరినా, వేలి కొస నిటారుగా చాపలేకపోయినా, గోరు లేచినా ఆ రోజే వైద్యునికి చూపండి. ధనుర్వాతం టీకాలు సక్రమంగా వేయించారో లేదో కూడా చెప్పండి.

చివరగా ఒక మాట. రెండవసారి ఆ ఇంటివారు వచ్చినప్పుడు, ఆ పెద్దామె గది మూలన నిలబడి ఉన్నది. ఈసారి ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. కట్టు కట్టడం అయిన తరువాత ఆమె నా దగ్గరకు వచ్చి, ‘బాబూ, ఆ తలుపు తీయించి పరదా కట్టించమంటారా?’ అని అడిగింది. ఏ పుస్తకమూ చదవకుండానే ఆమె హాడన్ చెప్పిన మొదటి ఉపాయాన్ని అందుకొన్నది. కట్టించమన్నాను. అంతకు ఏడాది ముందే ఆ మాట నేను చెప్పి ఉండవలసినది.

మీ ఇంట ఎవరి బిడ్డకైనా వేలు నలిగితే, ఆ సమయంలో దగ్గర ఉన్న తల్లినో, అమ్మమ్మనో, పనిమనిషినో నిందించకండి. ఆమె అప్పటికే తనను తాను నిందించుకొంటూ ఉంటుంది. బిడ్డను వైద్యునికి చూపి ఇంటికి వచ్చిన వెంటనే, ఆ తలుపును చూడండి.